కాశీరావు ముందున్న అద్దం

సోమవారం ఉదయం పది గంటల ఎనిమిది నిమిషాలకు, గన్నవరం అవతల ఒక రేకుల షెడ్‌లో, అరకిలో ఉక్కుగుండు గొట్టంలోంచి దూసుకొచ్చి ఒక అద్దానికి తగిలింది. పగలకూడని అద్దం అది. పగిలింది. జానెడేసి ముక్కలై ఎగిరింది. వెనక డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టిన థర్మోకోల్ బొమ్మ చెంపలో ఒక ముక్క సగం దాకా దిగబడింది.

ఢిల్లీ నుంచి వచ్చిన కమిటీ పెద్దలు ముగ్గురూ ముందు బొమ్మ వంక చూశారు, తర్వాత వాచీల వంక చూశారు. పాపం, వాళ్ళకి విమానం టైమవుతోంది. నెల తిరక్కుండా ఇది రెండో ఫెయిల్యూర్. అద్దం తయారుచేసిన రాజ్యలక్ష్మి మాత్రం చీపురు తెప్పించుకుని తనే ఊడవడం మొదలుపెట్టింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరై, ఇక హాయిగా ఇంట్లో కూర్చోమంటే కొలిమి పెట్టుకుని కూర్చుంది.

"గురువారం పదకొండింటికి నాగాయలంకలో బోటు ట్రయల్ ఉంది. అది మారదు," అంది ఊడుస్తూనే. "ముక్కలు నేనెత్తుకుంటాను. మీరు టిఫిన్ చేసి బయల్దేరండి."

ఆ అద్దం ఎందుకో చెప్పాలి. సముద్రంలో స్మగ్లర్ల పడవల వెంటపడే మెరైన్ పోలీసు బోట్లకి ముందు పెట్టే విండ్‌స్క్రీన్ అది. దళసరిగా చేస్తే ఎవరైనా చేస్తారు, బోటు బరువెక్కి పరిగెత్తదు. పలచగా ఉండాలి, పగలకూడదు. రాజ్యలక్ష్మి చేసే పనల్లా అద్దాన్ని పొటాషియం నైట్రేట్ ఉప్పులో ముంచడం. ఆ ఉప్పు నాలుగు వందల డిగ్రీల దగ్గర కరిగి నీళ్ళలా ఉంటుంది. గాజు పైపొరలో ఉన్న చిన్న సోడియం రేణువులు బయటికి పోయి, వాటి సీట్లలోకి పెద్ద పొటాషియం రేణువులు దూరి ఇరుక్కుంటాయి. బందరు బస్సులో ముగ్గురి సీట్లో నలుగురు కూర్చున్నట్టన్నమాట, అని ఆవిడ స్టూడెంట్లకి చెప్పేది. అంత ఒత్తిడిలో పగులు దూరడానికి సందు దొరకదు.

ఒక విదేశీ కంపెనీ ఆ పద్ధతి అమ్మమని మూడుసార్లు అడిగింది. అమ్మను పొమ్మంది. అప్పట్నుంచే అద్దాలు పగలడం మొదలైంది.

ఆ మధ్యాహ్నమే గుణదల కొండ కింద కొవ్వొత్తుల కొట్ల వరసలో చివరి కొట్టు ముందు ఒక కుర్రాడు ఆగాడు. ముప్పై రెండేళ్ళు, గళ్ళ చొక్కా, చెప్పుకోదగ్గదేమీ లేని ముఖం. గూఢచారికి అంతకన్నా ఆస్తి ఉండదు. అసలు పేరు వెంకటకృష్ణారావు. ఇంట్లోవాళ్ళకీ డిపార్ట్‌మెంట్‌కీ బాబీ.

"మనిషెత్తు కొవ్వొత్తి ఉందా అమ్మా?"

"మొక్కు ఎవరికి?" అంది కొట్టావిడ తలెత్తకుండా.

"ఇంకా పుట్టనివాడికి."

"లోపలికి రా."

ఈ నాలుగు ముక్కల కోడ్ కోసం డిపార్ట్‌మెంట్ మూడు మీటింగులు పెట్టింది. పక్క కొట్టువాడు వింటే పిచ్చి ముదిరిందనుకుంటాడు. ఏదైతేనేం, తెరచాటుకి వెళ్ళగానే ఆ తెల్లచీర కొట్టావిడ అమలమ్మ కాస్తా కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్ అమలమ్మ అయిపోయింది. బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. నిన్న గాల్లో ఒక మెసేజ్ దొరికింది. విదేశీ గూఢచారుల రింగ్‌ది. పంపినవాడు ఎప్పుడూ తెల్లటోపీలో తిరుగుతాడు కాబట్టి ఫైల్లో వాడి పేరు టోపీ. మెసేజ్ పొట్టిది: గురువారం, పదకొండు, గాజూ మనిషీ రెండూ.

"మనిషంటే?" అన్నాడు బాబీ.

"కాశీరావు. బోటు నడిపేవాడు."

కాశీరావుది నాగాయలంక. తాతల నాటి నుంచి సముద్రంలో వేటకి వెళ్ళే కుటుంబం. మెరైన్ పోలీసులకి కాంట్రాక్టు డ్రైవరుగా చేరాడు. పోయిన ఏడు స్మగ్లర్ల పడవని తరుముతుంటే వాళ్ళు ఇనప బోల్టులు విసిరారు. పాత అద్దం పగిలి ముక్క వెళ్ళి ఎడమకంట్లో దిగింది. ఆ కన్ను పోయింది. రూల్ ప్రకారం చివరి ట్రయల్‌లో బొమ్మ పనికిరాదు, పరిగెత్తే బోటుకి ఎదురుగా గుండు వదిలినప్పుడు మనిషే నడపాలి. ఎవరు నడుపుతారంటే నేనన్నాడు కాశీరావు. కొత్త అద్దం వచ్చేదాకా తన తోటివాళ్ళు కూడా కళ్ళు పోగొట్టుకోవాల్సిందేనని అతనికి తెలుసు.

ట్రయల్ వాయిదా వేయించమన్నాడు బాబీ. అమలమ్మ తల అడ్డంగా ఊపింది. రింగ్‌కి కావలసిందే అదట. వాయిదా పడితే ఆర్డరు ఆ విదేశీ కంపెనీకి పోతుంది, అద్దం పగిలినా వాళ్ళకే పోతుంది. అందుకని జరగాలి, పగలకూడదు.

"లోపల మన మనిషి ఒకామె ఉంది. ఉషశ్రీ. క్వాలిటీ కన్సల్టెంట్. నేనే తీసుకున్నాను, నమ్మొచ్చు," అంటూ ఒక నల్లకళ్ళజోడు చేతిలో పెట్టింది. పోలరైజ్డ్ అల్ట్రా ఏదో అని డిపార్ట్‌మెంట్ పంపిందట. ఎందుకు పనికొస్తుందో ఆవిడకీ తెలియదు, ఎండకి పెట్టుకోమంది.

మంగళవారం పొద్దున బాబీ ఫర్నేస్ సర్వీస్ మెకానిక్ వేషంలో షెడ్‌లో దిగాడు. ఖాకీ చొక్కా, స్పానర్ల సంచీ, చెవిలో పెన్సిలు. పదింటికి ఎర్ర కారొకటి వచ్చి గేటు ముందున్న ముగ్గు మీదే ఆగింది. దిగినామె ఉషశ్రీ. లేత నిమ్మపండు రంగు పట్టుచీర, నడుముకి సరిపోయే నడక, కొలిమి వేడిని కూడా లెక్కచెయ్యని సెంటు. సినిమాకి వచ్చినట్టు కొలిమి దగ్గరికొచ్చింది. కోడ్ అడిగింది, చెప్పాడు. నేనూ ఇక్కడి పిల్లనే, పటమటలో పుట్టి పెరిగానంది. మనవాడు కాసేపు స్పానరు తిరగేసి పట్టుకున్నాడు, అబద్ధమెందుకు.

తర్వాత ఉషశ్రీ ట్యాబ్ తీసి ల్యాబ్ రిపోర్టు చదివింది. ఉప్పులో కాల్షియం కలిసింది. కాల్షియం కలిస్తే కథ ఖతం. బస్సు గుమ్మంలో ఎవరో పెద్ద పెట్టె అడ్డంపెట్టినట్టు, పొటాషియం లోపలికి వెళ్ళలేదు, గాజు మామూలు గాజులాగే ఉండిపోతుంది. మరి కాల్షియం ఎక్కడ్నుంచి వచ్చింది? కొలిమి ముందు రోజూ వేసే ముగ్గులోంచి, గాలికి ఎగిరి. ఆ ముగ్గు శాంపిల్ తీసి టెస్టు చేయించాననీ, నిండా కాల్షియమేననీ చెప్పి ట్యాబ్ మూసేసింది.

ముగ్గు వేసేది సీతారావమ్మ. అరవై దాటిన మనిషి. షెడ్ మొదలైన రోజు నుంచి ఊడ్చి, తుడిచి, కొలిమి వెలిగించే ముందు దాని కాళ్ళ దగ్గర నాలుగు గీతల ముగ్గు పెట్టేది. అందరూ ఆమె వంక తిరిగారు. ఏం పిండి వేస్తున్నావని అడగాలా లేదా? అడగలేదు. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. కంప్యూటర్‌లో వచ్చింది కాబట్టి నిజమే అయ్యుంటుందనుకున్నారు. మన బాబీ కూడా అడగలేదు, ఆ మాట దాచడం నాకిష్టం లేదు.

"నా వల్ల పగిలిందంటే నేను నమ్మను మేడమ్ గారూ. వెళ్ళమన్నారు కాబట్టి వెళ్తున్నాను," అని క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది సీతారావమ్మ. రాజ్యలక్ష్మి మొహం తిప్పుకుని థర్మామీటర్ చూసుకుంటూ నిలబడింది.

పాత ఉప్పు తీసి పారేయించింది ఉషశ్రీ. తానే తెప్పించిన ప్యూర్ గ్రేడ్ బస్తాలు కోయించి తొట్టిలో పోయించింది. అద్దం పగలంతా అందులో మునిగి సాయంత్రం పైకొచ్చింది. అచ్చు అలాంటిదే రెండో అద్దం పనివాళ్ళు కోసి పక్కన పెట్టారు. ఎప్పుడూ రెండు కోయడం రాజ్యలక్ష్మి అలవాటు. మూలన ఒకటి, రెండు అని నంబర్లు చెక్కుతారు. ఒకటో నంబరుని ఉషశ్రీ వ్యాన్లో పెట్టించుకుని బుధవారం తెల్లారకముందే నాగాయలంక తీసుకెళ్ళి బోటుకి బిగించేసింది.

బుధవారం ఉదయం బాబీ పటమటలో సీతారావమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఎవరైనా ఆమెకి ఆ పొడి ఇచ్చి వేయించారేమో కూపీ లాగాలని. ఆమె వరండాలో చాట ముందేసుకుని పిండి జల్లించుకుంటోంది. ముగ్గుపిండి ఎక్కడ కొంటావని అడిగాడు. ఆమె జల్లెడ కింద పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇవాళ అడుగుతున్నావా నాయనా? గేటు దగ్గర వేసేది కొన్న ముగ్గుపిండి. లోపల కొలిమి దగ్గర బియ్యప్పిండి. అగ్గి ఉన్నచోట, దేవుడున్నచోట రాతిపొడి వేస్తారా ఎవరైనా? మీ అమ్మ వేస్తుందా?"

బాబీకి పామర్రులో ఇల్లు గుర్తొచ్చింది. వాకిట్లో రాతిముగ్గు, దేవుడి గూట్లో బియ్యప్పిండి. ఎన్నేళ్ళు చూశాడు, ఎప్పుడన్నా ఆలోచించాడా? బియ్యప్పిండిలో కాల్షియం ఎక్కడ్నుంచి వస్తుంది? అంటే కొలిమి దగ్గర ఎవరూ శాంపిల్ తీయలేదు. గేటు దగ్గర తెల్లగా కనబడిందాన్ని చూసి, లోపలిదీ అదేననుకుని, రిపోర్టు కూర్చుని రాసేశారు. పటమటలో పుట్టి పెరిగిన పిల్ల చేసే పొరపాటు కాదది. ఇంట్లో ఏనాడూ దేవుడి ముందు ముగ్గు వేసి ఎరగని మనిషి చేసేది.

బండి షెడ్ వైపు తిప్పాడు. మూలన నిన్నటి బస్తాల్లో సగం మిగిలింది ఒకటి మూతి విప్పి ఉంది. చెయ్యి పెట్టాడు. ఉప్పు ముద్దముద్దగా, తడితడిగా వేళ్ళకి అంటుకుంది. బాబీ తండ్రిది పామర్రులో ఎరువుల కొట్టు. పొటాషియం నైట్రేట్ బస్తా విప్పి నెలరోజులు పెట్టినా పొడిగానే ఉంటుంది, కాల్షియం నైట్రేట్ ఒక్క రాత్రికే మన గాలికి చెమ్మగిల్లి కారిపోతుంది. ఈ సంగతి డెల్టాలో మిరప వేసే ప్రతి రైతుకీ తెలుసు. ప్యూర్ గ్రేడ్ అని రాసి ఉన్న ఆ బస్తాలో సగం రెండోదే. కాల్షియాన్ని దొంగతనంగా కలపడం కాదు, బస్తాలతో తెచ్చి మర్యాదగా పోయించారు.

రాజ్యలక్ష్మి అతని మాట పూర్తిగా వింది. నిన్న అద్దంతోపాటే ముంచిన చిన్న గాజుపట్టీ ఒకటి తీసింది. బాబీ ముఖం మీంచి నల్లకళ్ళజోడు లాగేసుకుంది. ల్యాప్‌టాప్ తెల్ల స్క్రీన్ ముందు ఆ పట్టీని అంచు మీద నిలబెట్టి, కళ్ళజోడులోంచి చూసింది. గట్టిపడ్డ గాజైతే అంచు వెంబడి రంగు గీత కనబడాలి. ఏమీ లేదు. కిటికీ అద్దం ముక్కలా చచ్చుగా ఉంది. డిపార్ట్‌మెంట్ కళ్ళజోడు దేనికో అలా తెలిసింది.

"రేపు పదకొండింటికి ఈ గాజు వెనక కాశీరావు కూర్చుంటాడు," అంది రాజ్యలక్ష్మి. పట్టీని బల్ల మీద విసిరేసింది. ఆవిడకి మండిపోతోంది. "ఇరవై రెండు గంటలుంది. కారు తియ్యి."

"నాగాయలంకకా మేడమ్?"

"ముందు పటమట."

టైము చాలదన్నాడు బాబీ. ఆవిడ వినలేదు. పటమటలో ఆ వరండా ముందు నిలబడి, తప్పు నాదే సీతారావమ్మా, నిన్ను అడక్కుండా పంపేశాను, క్షమించమని నలుగురి ముందూ చెప్పింది. సీతారావమ్మ కళ్ళు తుడుచుకుని, ఒకసారి జల్లించిన పిండి వంక చూసి, చెప్పులేసుకుని కారెక్కింది.

దారిలో బాబీ చీఫ్‌కి ఫోన్ చేశాడు. సంగతంతా చెప్పాడు. ఆ పిల్లని నేనే తెచ్చాను అని మాత్రం అంది అమలమ్మ, ఎవరో కొట్టినట్టు. ఆ తర్వాత పనిలోకి దిగింది. ఉషశ్రీని ఇప్పుడే ముట్టుకోవద్దు, ముట్టుకుంటే టోపీ గన్నవరంలో విమానమెక్కేస్తాడు. రేపు వాడు ఆ కంపెనీ ప్రతినిధిగా నాగాయలంక రేవులో కుర్చీ వేయించుకుని కూర్చుంటాడు. ఇద్దరూ ఒక్క చోట కావాలి. రెండో అద్దం ఎలా తెస్తావో నీ ఇష్టమంది.

కొలిమి దగ్గర పని మొదలైంది. కరిగిన ఉప్పులో పొటాషియం కార్బొనేట్ కొంచెం కొంచెంగా వేస్తుంటే కాల్షియం విరిగి తెల్లటి బురదలా అడుక్కి దిగింది. రాజ్యలక్ష్మి లెక్క చెబుతుంటే సీతారావమ్మ పొడుగు గరిటెతో ఆ బురద తోడి పారబోసింది. సాయంకాలానికి ద్రవం తేటపడింది. రెండో నంబరు అద్దం అందులో మునిగింది. తెల్లారి పైకి తీసి నెమ్మదిగా చల్లార్చి, అంచు చూస్తే రంగు గీత నిలబడింది. ఏడున్నరైంది.

ఇక దాన్ని తీసుకెళ్ళడం. షెడ్‌లో రాత్రంతా పని జరిగిందని టోపీకి కబురందిందనీ, కరకట్ట మీద కార్లు ఆపి చూస్తున్నారనీ అమలమ్మ మెసేజ్ పెట్టింది. బాబీ బుర్రకి అప్పుడు అంకాలమ్మ తట్టింది. కాశీరావు భార్య. రోజూ తెల్లారేసరికి నాగాయలంక నుంచి ట్రాలీ ఆటోలో చేపలు బెజవాడ మార్కెట్‌కి తెచ్చి, అమ్మేసి, ఖాళీ పెట్టెలతో వెనక్కి వెళుతుంది. ఏ ఏజెన్సీ అంతకన్నా మంచి కవర్ ఇవ్వలేదు.

మార్కెట్ బయట ఆమెకి విషయం చెప్పాడు. ఆమె మొత్తం చెప్పనివ్వలేదు.

"ఆయనకి మిగిలింది ఒక్క కన్నండీ. దాన్ని కూడా తియ్యడానికి మనుషుల్ని పెట్టారా? ఎక్కండి. దారిలో ఎవడు ఆపుతాడో నేనూ చూస్తాను."

అద్దం దుప్పట్లో చుట్టి అడుగున పెట్టారు. దాని మీద పాత వలలు, వలల మీద ఐసు నీళ్ళు కారే థర్మోకోల్ పెట్టెలు. బాబీ లుంగీ ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టి పైన కూర్చున్నాడు. రాజ్యలక్ష్మి అంకాలమ్మ పాత చీర కట్టుకుని ముందు సీట్లో ఇరుక్కుంది. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి దాటారు. తండ్రి కొట్టు ముందు నుంచి వెళుతూ బాబీ తలొంచుకున్నాడు, నాన్న చూస్తే ఆ వేషమేమిట్రా అని రోడ్డు మీదే అడిగే మనిషి.

అవనిగడ్డ దాటాక కరకట్ట మీద టిప్పరొకటి అడ్డంగా పెట్టి ఇద్దరు నిలబడి ఉన్నారు. నల్ల టీషర్టులు, చెవుల్లో ఇయర్‌పీసులు. పెట్టెలు దించమన్నారు. అంకాలమ్మ దిగింది. ఆమె అన్న మాటలన్నీ ఇక్కడ రాస్తే ఈ కథ ఎవరూ అచ్చు వెయ్యరు. వాళ్ళ అమ్మా నాన్నలతో మొదలుపెట్టి, ఇంకా పుట్టని పిల్లల దాకా తీసుకెళ్ళింది. ఒకడు పట్టుదలగా పై పెట్టె మూత తీసి మొహం పెట్టాడు. మూడు రోజుల చేపనీళ్ళు అందులో ఉన్నాయి. చూడు నాయనా బాగా చూడమని ఆమె పెట్టె వంచింది, నీళ్ళన్నీ వాడి బూట్లలోకి వెళ్ళాయి. వెనక ఆగిపోయిన గడ్డి ట్రాక్టరువాడూ, రెండు ఆటోలవాళ్ళూ కూడా దిగి గొంతు కలిపారు. ఇంతమంది ముందు పిస్తోలు తీసే ధైర్యం వాళ్ళకి లేదు. టిప్పరు వెనక్కి జరిగింది. పది గంటల పదిహేను.

నాగాయలంక రేవులో షామియానా, కుర్చీలు, కమిటీ, కలెక్టరాఫీసు వాళ్ళు, ఊరి జనం. ముందు వరసలో తెల్లటోపీ కాలు మీద కాలేసుకుని కొబ్బరినీళ్ళు తాగుతున్నాడు. రేవుకి వంద గజాల దిగువన రెల్లు దుబ్బుల చాటున కాశీరావు డీజిల్ పోసుకునే వంకతో బోటు ఆపి ఉంచాడు. బాబీ ఫోన్లో చెప్పగానే ఒకటో నంబరు అద్దం బోల్టులు విప్పడం మొదలుపెట్టేశాడు. పన్నెండు బోల్టులు. ఒకటి తుప్పు పట్టి కదలలేదు. బాబీ, కాశీరావు కలిసి దాని మీద వేలాడితే పది ముప్పై ఎనిమిదికి ఊడొచ్చింది. కొత్తది కూర్చోబెట్టి ఆఖరి బోల్టు బిగించేసరికి పది యాభై రెండు.

"నిజంగా ఆగుతుందా మేడమ్ గారూ?" అని కాశీరావు ఒక్కసారే అడిగాడు.

రాజ్యలక్ష్మి బోటెక్కింది. లైఫ్ జాకెట్ తొడుక్కుని వెళ్ళి అతని పక్క సీట్లో, సరిగ్గా అద్దం వెనకే కూర్చుంది. ఇద్దరూ అలాగే బోటు రేవుకి తెచ్చారు.

ఉషశ్రీ చిరునవ్వుతో ఎదురొచ్చింది. అద్దం మూలన నంబరు మీద చూపు పడింది. రెండు. ఆ నవ్వు అలాగే ఉండిపోయింది కానీ వెనకాల మనిషి మారిపోయింది. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అని గట్టిగా చెప్పి బోటు ముందుభాగం మీదకి ఎక్కింది. ఒకచేత్తో కొంగు సర్దుకుంటూ రెండో చేత్తో హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తిప్పింది. అందులో రంగు లేదు. సూదిలాంటి కార్బైడ్ మొన, వెనక స్ప్రింగు. కార్ల అద్దాలు ఒక్క టిక్కుకి రాల్చే పరికరం. కంటికి కనబడని చిన్న పగులు మూలన పెడితే చాలు, గుండు తగిలినప్పుడు మిగతా పని అదే చూసుకుంటుంది.

టిక్.

బాబీ రేవు మీంచి ఎగిరి బోటెక్కి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు మెకానిక్ వేషానికి కూడా పనికిరావని మొదటిరోజే తెలిసింది. స్పానరు తిరగేసి పట్టుకున్నావు," అంది ఉషశ్రీ పళ్ళ బిగువున.

"నువ్వు పటమట పిల్లవి కాదని నాకు నిన్ననే తెలిసింది. కొంచెం లేటే."

"చెయ్యి వదులు బాబూ," అంది లోపల్నుంచి రాజ్యలక్ష్మి.

అతను అర్థంకాక చూశాడు.

"వదలమన్నాను. నెల రోజుల్నుంచి నా అద్దాలు పగలగొడుతోంది, దొంగచాటుగా. ఇవాళ నా ఎదురుగా కొట్టనీ. కొట్టమ్మా. నా మొహం ఇక్కడే ఉంది."

బాబీ వదిలాడు. ఉద్యోగం పోతుందని తెలిసే వదిలాడు. ఉషశ్రీ కొట్టింది. టిక్. మళ్ళీ కొట్టింది. ఇంకోచోట, అంచుకి దగ్గరగా, మొన మొద్దుబారేదాకా కొట్టింది. కాశీరావు మంచికన్ను ఆ మొన ఎదురుగానే ఉంది, అతను ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఆరోసారికి లిప్‌స్టిక్ స్ప్రింగు ఊడి కృష్ణలో పడింది. అద్దం మీద వేలితో తుడిస్తే పోయే బూడిదరంగు మచ్చలు తప్ప ఏమీ లేవు. రేవులో అందరూ లేచి నిలబడి ఉన్నారు, కమిటీ పెద్దలతో సహా. ఈసారి వాళ్ళెవరూ వాచీ చూసుకోలేదు.

"కాశీరావు గారూ, పదకొండవుతోంది," అంది రాజ్యలక్ష్మి.

బాబీ ఉషశ్రీని పట్టుకుని రేవు మీదకి దిగాడు. బోటు గర్జించి నది మధ్యకి వెళ్ళి, మలుపు తిరిగి, ముక్కు పైకెత్తి తిన్నగా ఒడ్డున బిగించిన గన్ వైపు దూసుకొచ్చింది. ఒడ్డున అంకాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఎదురుగా గొట్టంలోంచి ఉక్కుగుండు వదిలారు. ఢామ్మన్న చప్పుడు నది అవతలి గట్టుకి తగిలి వెనక్కొచ్చింది. నీళ్ళ తుంపర మధ్య బోటు ఒక్క క్షణం కనబడలేదు.

కనబడేసరికి కాశీరావు ఒకచేత్తో స్టీరింగ్ పట్టుకుని రెండో చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు. గుండు తగిలి పైకి ఎగిరిపోయింది. అద్దం అద్దంలాగే ఉంది. అంకాలమ్మ ఉన్నచోటే కూలబడి బావురుమంది. పక్కనున్న ఆడవాళ్ళు లేవదీయబోతే, ఉండండర్రా కాసేపు ఏడవనివ్వండి, వారం రోజుల్నుంచి ఆపుకున్నానంది.

టోపీ మాత్రం లేచాడు, కారు వైపు నడవాలని. పక్క కుర్చీలో కూర్చున్న తెల్లచీర ముసలావిడ వాడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. సంచిలో కొవ్వొత్తులు తప్ప మరేమీ లేనట్టు కనబడే మనిషి. ఆవిడ వెనక నిలబడ్డ ఆరుగురు మాత్రం తమాషా చూడ్డానికొచ్చిన ఊరివాళ్ళలా లేరు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని మర్యాదగా కూర్చున్నాడు.

ఉషశ్రీ చేతికి బేడీలు పడ్డాయి. అమలమ్మ ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. జీపు వైపు తీసుకెళ్ళమని సైగ చేసింది.

అప్పుడు కమిటీలో పెద్దాయన రిపోర్టు ఫారం పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. ట్రయల్ సక్సెస్, అన్నీ నింపాం, కానీ చివర క్వాలిటీ కన్సల్టెంట్ సంతకం లేకపోతే ఢిల్లీలో ఒప్పుకోరండీ, మళ్ళీ మొదట్నుంచీ అంటారని వాపోయాడు. రికార్డుల్లో ఇప్పటికీ ఆ కన్సల్టెంట్ ఉషశ్రీయే.

బోటు దిగి వచ్చిన రాజ్యలక్ష్మి తడిచేతులు చీరకి తుడుచుకుంది. ఫారం తీసుకుని జీపు బానెట్ మీద పరిచి, పెన్ను మూత తీసి ఉషశ్రీ చేతిలో పెట్టింది.

"సంతకం పెట్టి వెళ్ళమ్మా. ఆరుసార్లు టెస్టు చేశావు, పాస్ అని కూడా నువ్వే రాయి."